ఉపపత్తియు ఆక్షేపణమును

గణితశాస్త్రమున ఒక విషయము ఒకమారు నిరూపింపబడినచో అది ఇక కదలదని జనులు తలంతురు. వైద్యుల మందులు మారును. చరిత్రకారుల నిర్ణయములు మారును. ఖగోళశాస్త్రజ్ఞులు 2006 లో గ్రహముల జాబితానుండి ప్లూటోనే తొలగించిరి. కాని యూక్లిడ్ పండితుడు త్రిభుజమును గుఱించి చెప్పిన మాట రెండువేల యేండ్లకు పైబడియు నేటి పాఠ్యపుస్తకములలో నిలిచియున్నది. ఈ నమ్మకమును కాదనక, అయినను దానిని తేరిపార జూచి, ఉపపత్తి యనునది విచారణకు ముగింపా లేక ఆరంభమా యని ప్రశ్నించిన తత్త్వవేత్త యొకడు ఇరువదవ శతాబ్దిలో నుండెను. ఆయన పేరు ఇమ్రె లకటోష్.

లకటోష్ 1922 వ సంవత్సరము నవంబరు 9 వ తేదీన హంగేరీ దేశమునందలి డెబ్రెత్సెన్ నగరమున ఒక యూదు కుటుంబమునందు జన్మించెను. ఆ నగర విశ్వవిద్యాలయముననే గణితము, భౌతికశాస్త్రము, తత్త్వశాస్త్రము అభ్యసించి 1944 లో పట్టము పొందెను. ఆ యేడే జర్మను సైన్యములు హంగేరీని ఆక్రమించెను. ఆయన తల్లియు, ముదుసలియగు అవ్వయు ఆష్‌విట్స్ మృత్యుశిబిరమున అసువులు బాసిరి. పుట్టినప్పటి ఇంటిపేరు లిప్‌షిట్స్. అది యూదు కులమును పట్టియిచ్చెడి పేరగుటచే, ఆ యువకుడు దానిని విడిచి మోల్నార్ అను పేరు దాల్చి ప్రాణము దక్కించుకొనెను. పిదప లకటోష్ అను పేరు స్వీకరించెను. హంగేరీ భాషలో లకటోష్ అనగా తాళములు చేయువాడని యర్థము.

యుద్ధానంతరము హంగేరీలో కమ్యూనిస్టు ప్రభుత్వ మేర్పడెను. ఆ సిద్ధాంతమును మనసార నమ్మిన లకటోష్ విద్యామంత్రిత్వశాఖలో ఉన్నతోద్యోగి యయ్యెను. అయినను 1950 లో ఆ ప్రభుత్వమే ఆయనను నిర్బంధించి, రెచ్క్ అనుచోట రాళ్లు కొట్టించెడి శ్రమశిబిరమునకు పంపెను. 1953 లో విడుదలయైన పిమ్మట ఆయనకు ఉద్యోగము దొరకుట దుర్లభమయ్యెను. గణితగ్రంథములను హంగేరీ భాషలోనికి అనువదించుటయే జీవనాధారమయ్యెను. అట్లు అనువదించిన గ్రంథములలో పోల్యా యను గణితవేత్త రచించిన సమస్యాసాధన గ్రంథ మొకటి. విద్యార్థి యెట్లు ఊహించును, ఎట్లు పొరబడును, ఎట్లు దిద్దుకొనును అను విషయములను వివరించు పుస్తకమది. అనువాదకుని మనస్సున అది బలముగ నాటుకొనెను.

1956 లో హంగేరీ ప్రజలు ప్రభుత్వముపై తిరుగబడిరి. సోవియట్ సైన్యములు ఆ తిరుగుబాటు నణచివేసెను. నవంబరు మాసమున లకటోష్ సరిహద్దు దాటి వియన్నా చేరి, అటనుండి ఇంగ్లండు దేశమునకు వెడలెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పరిశోధన నారంభించునాటికి ఆయనకు ముప్పదినాలుగేండ్లు గడచినవి. ఏ విషయమునుగూర్చి వ్రాయవలెను? పోల్యాయే ఒక సూత్రమును సూచించెను.

ఆ సూత్రము ఎనిమిదవ తరగతి విద్యార్థికి అందనిది కాదు. సుద్దముక్కల పెట్టె నొకదానిని చేతబూని చూడుడు. దానికి మూలలు 8, అంచులు 12, ముఖములు 6. మూలల సంఖ్యనుండి అంచుల సంఖ్యను తీసివేసి, ముఖముల సంఖ్యను కలిపినచో 2 వచ్చును. చతురస్రపు అడుగు గల పిరమిడుకు మూలలు 5, అంచులు 8, ముఖములు 5. మరల 2 వచ్చును. ఇట్టి చదునైన ముఖములు గల ఘనరూపములకు బహుముఖులని పేరు. ఏ బహుముఖికైనను ఫలము 2 అగునని ఆయిలర్ మహాశయుడు 1750 లో బెర్లినునుండి తన మిత్రుడగు గోల్డ్‌బాఖ్‌కు వ్రాసిన లేఖలో తెలిపెను. ఇంత తేలికయైన సంగతి అంతవఱకు ఎవరి కంటను పడకపోవుట ఆయనకే వింతగ దోచెను. తరువాత ఆయన ఒక ఉపపత్తి నిచ్చెను గాని, అందు లోపము కలదని పిమ్మటివారు గ్రహించిరి.

1811 లో ఫ్రాన్సు దేశీయుడగు కోషీ, ఇరువది యేండ్లు దాటిన యువకుడు, చక్కని ఉపపత్తి యొకటి కల్పించెను. దానిని నిదానముగ తెలిసికొనవలెను. తక్కిన కథయంతయు దానిపై నాధారపడి యున్నది. పెట్టె రబ్బరుతో చేయబడినదని భావింపుడు. ఒక ముఖమును కోసి తీసివేయుడు. మిగిలినదానిని సాగదీసి నల్లబల్లపై చదునుగ పఱచుడు. మూలలు గాని అంచులు గాని పోలేదు; ముఖమొకటి మాత్రము తగ్గినది. కావున లెక్క 2 కు బదులు 1 కావలెను. ఇప్పుడు బల్లమీది చతుర్భుజములకు కర్ణములు గీసి త్రిభుజములుగ విభజింపుడు. ఒక్కొక్క కర్ణమునకు అంచొకటియు, ముఖమొకటియు పెరుగును. అంచు తీసివేతలోనిది, ముఖము కూడికలోనిది. కనుక లెక్క మారదు. పిదప త్రిభుజములను ఒక్కొక్కటిగ తొలగింపుడు. త్రిభుజము పోవునప్పుడు దానితో అంచొకటి పోవును. లేదా అంచులు రెండును మూల యొకటియు పోవును. ఎట్లయినను లెక్క మారదు. తుదకు ఒకే త్రిభుజము మిగులును. దానికి మూలలు 3, అంచులు 3, ముఖము 1, లెక్క 1. మొదట కోసిన ముఖమును మరల కలిపినచో 2. నిరూపణము పూర్తియైనది.

ఇచ్చటనే లకటోష్ తన గ్రంథము నారంభించెను. ఆయన తత్త్వశాస్త్ర గ్రంథములకు వాడుకయైన రీతిని విడిచి, ఒక తరగతి గదిని కల్పించెను. అందొక ఉపాధ్యాయుడు, ఆల్ఫా, బీటా, గామా, డెల్టా మొదలైన గ్రీకు అక్షరముల పేర్లు గల విద్యార్థులు. ఉపాధ్యాయుడు కోషీ ఉపపత్తిని వివరించును. విద్యార్థులు దానిపై వాదింతురు. ఆ వాదములు ఊహామాత్రములు గావు. ఏ మాటను ఏ కాలమున ఏ గణితవేత్త నిజముగ ననెనో ప్రతి పుట యడుగునను సూచించియుండెను. పైన తరగతి, క్రింద చరిత్ర. రెండును ఒకేమారు నడచుచుండును.

మొదటి ఆక్షేపణము ఉపపత్తిలోని ఒక మెట్టుపై వచ్చును. త్రిభుజములను తొలగించునప్పుడు నడిమి త్రిభుజమును ముందుగ తీసినచో నేమగును? దాని అంచులన్నియు ఇరుగుపొరుగు త్రిభుజములకును చెందినవే గనుక అవి పోవు, ముఖమొక్కటియే పోవును, లెక్క చెడును. ఉపాధ్యాయుడు కోపగింపడు. ఆ మాట నిజమే యని యొప్పుకొని, వెలుపలి యంచున నున్న త్రిభుజములనే తగిన వరుసలో తొలగింపవలెనని దిద్దుకొనును. ఈ ఆక్షేపణము ఉపపత్తిని గాయపఱచినది గాని సూత్రమును తాకలేదు. ఈ రెంటికిని గల భేదమును లకటోష్ మిక్కిలి శ్రద్ధతో చూపెను. ఒక వాదమున లోపమున్నంతమాత్రమున దాని ఫలితము తప్పు కానక్కఱలేదు.

రెండవ ఆక్షేపణము సూత్రమునకే తగులును. పెట్టె నడుమ మఱియొక చిన్న పెట్టె యాకారమున బోలు గల ఘనమును ఆల్ఫా తెచ్చును. దానికి మూలలు 16, అంచులు 24, ముఖములు 12. లెక్క వేయగా 4 వచ్చును. ఇది 1812–13 లో ల్యూలియే యను స్విస్ పండితుడును, 1832 లో హెసెల్ అను జర్మను పండితుడును చూపిన యుదాహరణమే. ఒక స్ఫటికములో వేఱొక స్ఫటికము ఇమిడియుండుట చూచి వారికీ యాలోచన తోచినదట. పాఠశాల గోడకు వ్రేలాడెడి పటము చట్రమును లెక్కించినను ఇట్టి చిక్కే కలుగును. మూలలయందు ఏటవాలుగ అతికిన గీతలను అంచులుగ గ్రహించినచో, దానికి మూలలు 16, అంచులు 32, ముఖములు 16, ఫలము సున్న.

ఇప్పుడు తరగతిలో పెద్ద తగవు పుట్టును. డెల్టా యనువాడు అది బహుముఖియే కాదనియు, వట్టి వికృతరూపమనియు, చక్కని సిద్ధాంతమునకు అట్టివానితో పనిలేదనియు వాదించును. క్రొత్త ఉదాహరణము వచ్చినకొలదియు బహుముఖి నిర్వచనమున నొక క్రొత్త మాట చేర్చి దానిని వెలివేయుచుండును. మన తార్కికులు లక్షణమునకు అవ్యాప్తి, అతివ్యాప్తి యను దోషములు చెప్పుదురు. డెల్టా అతివ్యాప్తికి వెఱచి అవ్యాప్తిలో పడిన వాడనదగును. ఓడుట యెఱుగని సిద్ధాంతము వానికి దక్కును గాని, అది దేనిని గుఱించి చెప్పునో నానాటికి కుంచించుకొనిపోవును.

డెల్టా మాటలో నున్న యిబ్బంది కెప్లర్ నక్షత్రమునొద్ద స్పష్టమగును. అయిదు కొనల చుక్కలు పండ్రెండింటిని ముఖములుగ గ్రహించి కూర్చిన ముండ్ల రూపమది. చుక్కలనే ముఖములనుకొన్నచో మూలలు 12, అంచులు 30, ముఖములు 12. ఫలము ఋణ 6. అదే రూపము వెలుపలికి కనబడు చిన్న త్రిభుజములను ముఖములనుకొన్నచో మూలలు 32, అంచులు 90, ముఖములు 60, ఫలము 2. వస్తువొక్కటే. ముఖమనగా నేమి యను నిర్ణయమునుబట్టి అది సూత్రమునకు శత్రువో మిత్రమో యగుచున్నది. మాటల యర్థము ముందే స్థిరపడియున్నదనియు, పిదప మనుష్యులు వాదింతురనియు తలంచుట పొరపాటు. వాదము నడచుచుండగనే అర్థము స్థిరపడును.

వేఱొక విద్యార్థి జాగ్రత్తపరుడు. లోనికి గుంటలు గాని రంధ్రములు గాని లేని కుంభాకార బహుముఖులకే సూత్రమును పరిమితము చేసికొన్నచో భయములేదని అతడనును. ఇది సురక్షితమైన దారియే. కాని రెండు మెట్ల ఆకారముగల దిమ్మను చూడుడు. అది కుంభాకారము గాదు. లోనికి ముడుచుకొన్న మూల యున్నది. అయినను దానికి మూలలు 12, అంచులు 18, ముఖములు 8. ఫలము 2 వచ్చుచునే యున్నది. భయపడి వెనుకకు తగ్గినవాడు శత్రువు లేని భూమిని సైతము విడిచిపెట్టినట్లయినది.

ఉపాధ్యాయుడు చూపు మార్గము మూడవది. ఆక్షేపణ వచ్చినప్పుడు సూత్రమును గాక ఉపపత్తిని మరల చదువుమనును. బోలు ఘనము ఏ మెట్టున జారినది? వెలుపలి ముఖ మొకదానిని కోసినను లోపలి పెట్టె అట్లే మిగిలియుండును. రెంటిని కలిపి ఒకే చదును పటముగ పఱచుట అసాధ్యము. పటము చట్రమును గూడ నెంత సాగదీసినను నడిమి రంధ్రము అడ్డుపడును. కోషీ ఒక ముఖమును తీసివేయగా ఏ బహుముఖియైనను చదునుగ పఱపబడునని పైకి చెప్పకయే నమ్మెను. ఆ దాగిన నమ్మకము బయటపడినది. దానిని సూత్రములోనికి తెచ్చి, ఒక ముఖము తీసివేయగా చదునుగ పఱపదగిన బహుముఖులకు ఫలము 2 అగునని చెప్పినచో, సూత్రమును నిలుచును. ఉపపత్తికిని సూత్రమునకును గల బంధమును తెలియును. మెట్ల దిమ్మ బయటికి పోదు. చట్రము లోనికి రాదు.

లాభమింతటితో ఆగలేదు. చట్రమునకు సున్న యేల రావలెను? రంధ్రము రెండుగా నున్న చట్రమునకు ఋణ 2 వచ్చును. మూడున్నచో ఋణ 4. ఒక్కొక్క రంధ్రము ఫలమును రెండేసి చొప్పున తగ్గించుచున్నది. తొలుత సూత్రమును పాడుచేయ వచ్చినదని తోచిన సంఖ్యయే, వస్తువు నెంత వంచినను సాగదీసినను మారని దాని స్వభావమును తెలుపు గుర్తుగ తేలినది. పందొమ్మిదవ శతాబ్ది తుదిని పాయింకరే మొదలగువారు ఈ దారిననే సాగి టోపాలజీ యను గణితశాఖకు పునాదులు వేసిరి. వెలివేయబడినవి డెల్టా మాటప్రకారము వెలివేయబడియే యున్నచో ఈ శాఖ పుట్టుట కష్టమే.

లకటోష్ ఈ సంవాదమును 1963–64 లో బ్రిటిషు తత్త్వశాస్త్ర పత్రిక యొకదానిలో ప్రకటించెను. పాఠ్యగ్రంథములలో నిర్వచనము ముందు, సిద్ధాంతము తరువాత, ఉపపత్తి చివర అచ్చుపడును. అవి యేర్పడుటకు ముందు జరిగిన తగవులు, తప్పులు, దిద్దుబాట్లు అన్నియు తుడిచివేయబడును. విద్యార్థికి ఆ నిర్వచనము ఆకాశమునుండి ఊడిపడినట్లుండును. ప్రశ్నింపరాని దానివలె నుండును. ఈ పద్ధతిని లకటోష్ తీవ్రముగ నిరసించెను. ప్రశ్నను నేరముగ భావించిన పాలనలో మూడేండ్లు రాళ్లు కొట్టినవాని నిరసన యిది; వట్టి పుస్తకపాండిత్యము గాదు.

1960 నుండి ఆయన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అధ్యాపకుడు. అచట కార్ల్ పాపర్ అను ప్రసిద్ధ తత్త్వవేత్త యుండెను. తన సిద్ధాంతము ఏ పరీక్షలో ఓడిపోవునో ముందే చెప్పగలవాడే శాస్త్రజ్ఞుడని పాపర్ మతము. లకటోష్ దానిని గౌరవించెను గాని, విజ్ఞానశాస్త్ర చరిత్ర అంత సులభముగ నడువలేదని గుర్తించెను. యురేనస్ గ్రహము న్యూటన్ గణన ప్రకారము నడువలేదు. అంతమాత్రమున ఎవరును న్యూటన్‌ను విడువలేదు. కంటికి కనబడని వేఱొక గ్రహము దానిని లాగుచుండవచ్చునని లెవెర్యే గణించి, దాని స్థానమును బెర్లిను వేధశాలకు వ్రాసి పంపెను. 1846 సెప్టెంబరు 23 వ తేదీ రాత్రి గాలే దూరదర్శినిని త్రిప్పగా, చెప్పినచోటికి ఒక్క డిగ్రీ దూరములోపలనే నెప్ట్యూన్ కనబడెను. ఆ లెవెర్యేయే 1859 లో బుధగ్రహపు నడకలోని తేడాకు సైతము ఒక గుప్తగ్రహమును కారణముగ ఊహించి, దానికి వల్కన్ అను పేరు పెట్టెను. దానిని వెదకినవారి కన్నులు నొచ్చినవే గాని గ్రహము కనబడలేదు. నూఱేండ్లకు సుమారు 43 వికలల తేడా యది. వికల యనగా డిగ్రీలో 3600 వ వంతు. 1915 లో ఐన్‌స్టీన్ క్రొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతముతో దానిని వివరించెను.

యుక్తి రెండుచోట్ల నొక్కటే. ఒకచోట జయము, ఒకచోట అపజయము. కావున ఒక్క ఎదురుసాక్ష్యమునుబట్టి సిద్ధాంతమును తీర్పు తీర్చరాదని లకటోష్ వాదించెను. శాస్త్రజ్ఞులు కొన్ని మూలభావములను గట్టిగ పట్టుకొని, వాని చుట్టు సవరింపదగిన ఊహలను కంచెవలె కట్టుకొందురు. అట్టి ప్రయత్న మెవ్వరూ ఎఱుగని క్రొత్త విషయములను ముందుగ చెప్పి నిజము చేయుచున్నదా, లేక జరిగినదానికి వెనుకనుండి సాకులు కూర్చుచున్నదా యని చూడవలెను. తోకచుక్క 1758 ప్రాంతమున మరల వచ్చునని 1705 లో హేలీ వ్రాసెను. 1742 లో ఆయన మరణించెను. 1758 డిసెంబరు మాసమున అది వచ్చెను. సజీవమైన ప్రయత్నమున కిట్టిది గుర్తు.

ఈ కొలబద్ద యెందులకు? 1973 లో ఓపెన్ యూనివర్సిటీకై చేసిన రేడియో ప్రసంగమున ఆయన కారణము చెప్పెను. 1616 లో కోపర్నికస్ గ్రంథమును మతాధికారులు నిషేధించిరి. సోవియట్ రాజ్యమున మెండెల్ వంశానుగత సిద్ధాంతము కుహనా శాస్త్రమని ముద్ర వేయబడెను. దాని ననుసరించిన వవిలోవ్, లోకమంతట తిరిగి విత్తనములు సేకరించిన వృక్షశాస్త్రజ్ఞుడు, 1943 లో సరాటోవ్ చెఱసాలలో మరణించెను. ఏది శాస్త్రమో ఏది కాదో అను నిర్ణయము పండితుల గోష్ఠికి మాత్రము సంబంధించినది కాదని లకటోష్ యెఱుగును. తాను యౌవనమున నమ్మిన రాజకీయ సిద్ధాంతమును సైతము ఆ కొలబద్దతోనే కొలిచి, అది తప్పిన జోస్యములకు వెనుకనుండి సమాధానములు చెప్పుచున్నదని తేల్చెను.

ఈయన మాటలకు ఆక్షేపణలు లేకపోలేదు. గణితమంతయు ఆయిలర్ సూత్రమువలెనే తగవులాడుచు పెరిగినదని చెప్ప వీలులేదు. ఉపపత్తి పుట్టిననాటినుండి మచ్చలేక నిలిచిన సిద్ధాంతములు పెక్కు కలవు. ఒక శాస్త్రప్రయత్నము సజీవమో క్షీణమో తెలియుటకు ఎన్నేండ్లు ఓపిక పట్టవలెనో ఆయన చెప్పలేదని మిత్రుడగు ఫెయరాబెండ్ పరిహసించెను. ఈ రెండవ ఆక్షేపణకు లకటోష్ ఇచ్చిన సమాధానము తృప్తికరమైనదని చెప్పుట కష్టము.

1974 ఫిబ్రవరి 2 వ తేదీన, ఏబదియొకటవ యేట, లకటోష్ హఠాత్తుగ మరణించెను. ఆ తరగతిగది సంవాదమును సవరించి విడి గ్రంథముగ ప్రకటింపవలెనను కోరిక ఆయనకు తీరలేదు. శిష్యులైన జాన్ వొరాల్, ఎలీ జహర్ అనువారు 1976 లో దానిని అచ్చువేయించిరి. గురువు ఒకటిరెండుచోట్ల ఉపపత్తుల కచ్చితత్వమును తక్కువ చేసి చెప్పెనని వారికి తోచెను. మూలమును వారు మార్చలేదు. ఆ పుటల యడుగున, తమ గురువు మాట ఇచ్చట సరిగాదని తమ ఆక్షేపణను వేఱుగ గుర్తుపెట్టి అచ్చువేసిరి.